నేను చెయ్యని ఉద్యోగం

జాన్సన్‌విల్, వెల్లింగ్టన్
6 జూన్ 2019

ప్రియమైన అన్నయ్యకు,

మేమిక్కడ బాగున్నామని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నిజానికి బాగాలేము.

మూడు రోజుల నుంచి నీకు ఫోన్ చేస్తున్నాను. మొదటిసారి వదిన ఎత్తి నువ్వు గోడౌన్‌కి వెళ్ళావంది. రెండోసారి గుడికి వెళ్ళావంది. మూడోసారి ఎవరూ ఎత్తలేదు. కిరాణా కొట్టు నడిపేవాడు ఫోన్ ఎత్తకుండా ఎన్నాళ్ళు ఉంటాడు? అందుకని కాగితం తీసుకున్నాను.

ఫిబ్రవరిలో మా ట్రావెల్ ఏజెన్సీ మూసేశారు కదా. మార్చి నుంచి నిరుద్యోగ భృతి మీద ఉన్నాను. ఇక్కడందరూ బెనిఫిట్ అంటారే, అదే. నాకు వేరే ఆదాయం ఏమీ లేదని సంతకం పెట్టి తీసుకుంటున్నాను. ఇన్నేళ్ళూ నాలాంటి జీతగాళ్ళు పన్ను రిటర్న్ జోలికి పోయేవాళ్ళు కాదు. ఈ ఏడాది చట్టం మారింది. పన్నుల ఆఫీసువాళ్ళే లెక్క వేసి ముందు పెడుతున్నారు. నాకూ ఒకటి వచ్చింది. రిఫండు వస్తుందన్న ఆశ కొద్దీ పేజీలు సరిగ్గా చూడకుండానే అంతా సరే అని నొక్కి రిటర్న్ పంపేశాను.

రిఫండు రాలేదు సరికదా, ఎదురు కట్టమన్నారు. ఎందుకా అని అప్పుడు చదివాను. నాకు ఇద్దరు యజమానులట. ఒకరు ట్రావెల్ ఏజెన్సీ. రెండోది రిక్కార్టన్‌లో నీ కొట్టు. ముందు నవ్వొచ్చింది. స్కూలు నుంచి వచ్చిన వర్షితని పిలిచి చూపించి మరీ నవ్వాను.

మంగళవారం నాడు ఆ నవ్వు పోయింది. బెనిఫిట్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ నుంచి యజమానులు జీతం ఇచ్చిన ప్రతిసారీ ఆ వివరం పన్నుల ఆఫీసుకి పంపాలని రూలు వచ్చిందట. అక్కణ్ణుంచి వీళ్ళకి తెలిసింది. నేను భృతి తీసుకుంటూనే ప్రతి గురువారం నీ దగ్గర జీతం తీసుకుంటున్నానట. ఆ సంగతి దాచానట. డబ్బు ఆపేశారు. జూలై తొమ్మిదో తారీఖు లోపల సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే మోసం కింద కేసు పెడతారు.

నేను నీ కొట్లోకి ఆఖరిసారి వచ్చి రెండేళ్ళయింది. అప్పుడు కూడా పెసరపప్పు డబ్బిచ్చి కొనుక్కున్నాను. ఇదేమిటి అన్నయ్యా? వెంటనే జవాబు రాయి.

నీ చెల్లెలు
అనంతలక్ష్మి


రిక్కార్టన్, క్రైస్ట్‌చర్చ్
11 జూన్ 2019

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. చిన్నదానికి ఇంత కంగారు పడతావేమిటి? చిన్నప్పుడు బల్లి కనిపిస్తే వీధిలోకి పరిగెత్తేదానివి, ఇంకా అలాగే ఉన్నావు.

ముందు ఒక మాట. ఇలాంటివి ఫోన్లో మాట్లాడొద్దు. ఈమెయిల్ పెట్టొద్దు, వాట్సాప్ అసలే వద్దు. అన్నీ ఎక్కడో రికార్డవుతాయి. కాగితం మీద తెలుగులో రాయి. ఇక్కడ మన భాష ఎవడు చదువుతాడు? నా ఉత్తరం చదివాక చింపెయ్యి.

ఇది మన లెక్కలు చూసే శేషయ్యగారి పొరపాటు అయి ఉంటుంది. పెద్దాయన, కళ్ళు సరిగ్గా ఆనవు. ఏదో గడిలో ఏదో కొట్టి ఉంటాడు. నేను కనుక్కుంటాను. ఈలోపల ఆఫీసువాళ్ళకి ఒక చిన్న ముక్క రాసి పడెయ్యి. ఇంట్లో కూర్చుని అన్నయ్య కొట్టుకి ఆర్డర్లు రాసిపెడుతుంటాను, అది ఉద్యోగమని నాకు తెలియలేదు, క్షమించండి అని. ఆడమనిషివి, పిల్లతో ఒక్కదానివి ఉన్నావు, జాలిపడి వదిలేస్తారు.

ఇక్కడ వ్యాపారం అంతంతమాత్రంగా ఉంది. మార్చిలో మసీదుల్లో ఆ కాల్పులు జరిగాక ఈ ఊళ్ళో సాయంత్రాలు జనం బయటికి రావడం తగ్గింది. నీకు తెలియనిదేముంది.

వదిన ఒక పార్సెల్ పంపుతోంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, వర్షితకి జంతికలు, నీకు చీర. మనసు పాడుచేసుకోకు.

మీ అన్నయ్య
రామమోహన్


జాన్సన్‌విల్
15 జూన్ 2019

అన్నయ్యకు,

పార్సెల్ అందింది. పచ్చడి తిన్నాం. కోపం తగ్గలేదు.

నువ్వు రాయమన్న చిన్న ముక్క రాయబోయేముందు లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ గురువారాలు తారాబాయి ఆంటీ అని ఒకావిడ కూర్చుని అందరి కాగితాలూ ఉచితంగా చూసిపెడుతుంది. నిజామాబాద్ మనిషి, ముప్ఫై ఏళ్ళ నుంచి ఇక్కడే ఉంది. నీ సలహా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి నా మొహం చూసింది. "గట్ల రాస్తే నువ్వు పనిచేస్తున్నవని నువ్వే ఒప్పుకున్నట్టు బిడ్డా. మార్చి నుంచి అబద్ధం సంతకం పెట్టినవని నీ చేతితోనే రాసిచ్చినట్టు. ఈ ఉపాయం ఎవరు చెప్పిన్రు నీకు?" అని అడిగింది. మా అన్నయ్య అని చెప్పడానికి నోరు రాలేదు. ఎవరో తెలిసినవాళ్ళు అన్నాను.

ఆవిడే నాచేత పాత లెక్కలన్నీ తెప్పించింది. శేషయ్యగారి కళ్ళ మీదకి తొయ్యకు. ఏ గుడ్డివాడూ ఏడేళ్ళపాటు ఒకే గడిలో ఒకే పేరు కొట్టడు. 2012 ఆగస్టు నుంచి నేను నీ దగ్గర ఉద్యోగం చేస్తున్నానట. క్రిస్మస్‌కి సెలవులు కూడా తీసుకున్నానట, సెలవు జీతంతో సహా! నా అసలు ఉద్యోగంలో నేనెప్పుడూ అంత బుద్ధిగా సెలవు పెట్టుకోలేదు.

ఆ ఆగస్టు నాకు బాగా గుర్తుంది. కొట్టు తెరిచిన రోజు. ఇంటి ఆడపడుచు చేత్తోనే బోణీ కావాలని నాకు విమానం టికెట్ పంపావు. దీపం నాచేత వెలిగించావు. పొంగిపోయాను. తర్వాత పూజ పళ్ళెంలో పసుపు కొమ్ముల పక్కన ఒక కాగితం పెట్టి, "దీని మీద కూడా నీ చెయ్యి పడాలి అమ్మడూ, కలిసొస్తుంది" అన్నావు. పెట్టాను. చదవలేదు. అన్న ఇచ్చిన కాగితం చదివి సంతకం పెట్టే చెల్లెలు మన ఇళ్ళల్లో ఎక్కడుంది? చదివితే నిన్ను అనుమానించినట్టు. అది ఉద్యోగంలో చేరేవాళ్ళు నింపే ఫారం అని మొన్న గురువారం లైబ్రరీలో తెలిసింది. దేవుడి పళ్ళెంలో పెట్టావు చూడు, దానికి నాకు ఒళ్ళు మండిపోతోంది.

మార్చిలో మీ ఊరికి జరిగిన ఘోరాన్ని దీనికి అడ్డం పెట్టుకోకు. అది 2019. ఇది 2012.

నాకు కావలసింది ఒక్కటే. అనంతలక్ష్మి నా కొట్లో ఎన్నడూ పనిచెయ్యలేదు, ఒక్క డాలరు తీసుకోలేదు అని బెనిఫిట్ ఆఫీసుకి నువ్వొక ఉత్తరం రాయాలి. తొమ్మిదో తారీఖు లోపల. మూడు వారాలుంది.

అనంతలక్ష్మి


రిక్కార్టన్
21 జూన్ 2019

అనంతలక్ష్మీ,

ఏం రాస్తున్నావో తెలిసే రాస్తున్నావా? నీకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాణ్ణి. లైబ్రరీలో కూర్చునే ఎవరో ఆంటీ ముందు నా పరువు తీసి, నాకే గడువు పెడతావా?

ఈ దేశం నువ్వెలా వచ్చావు? ఎవరి ఇంట్లో దిగావు? మీ ఆయన నిన్నూ పిల్లనీ వదిలేసి మెల్‌బోర్న్ పోతే రాత్రికి రాత్రి ఫెర్రీ ఎక్కి వచ్చింది ఎవరు? ఆ ఫ్లాట్‌కి మొదటి అద్దె ఎవరు కట్టారు? అవన్నీ నేను ఎప్పుడైనా ఎత్తానా? ఇప్పుడు ఎత్తించావు.

సరే విను. అవును, నేనే రాయించాను. నువ్వు నా కొట్లో ఒక్క రోజు పనిచెయ్యలేదు, ఒక్క డాలరు ముట్టలేదు, నాకు తెలియదా? నీ పేరున జీతం చూపిస్తే నాకు పన్ను తగ్గింది. అంతే. లోకంలో నేనొక్కణ్ణే చేశానా? పెళ్ళాల పేర్లు, బావమరుదుల పేర్లు, అందరూ రాస్తున్నారు. ఎవరి చెల్లెలూ ఇలా రచ్చకెక్కలేదు. ఈ పాడు రూలు రాకపోతే నీకు జన్మలో తెలిసేది కాదు. నీకు నష్టమూ లేదు.

ఆ డబ్బు నేనేం తినలేదు. వర్షిత చదువు కోసం విడిగా పెట్టాను. పై చదువులకి వచ్చినప్పుడు నీ చేతిలో పెడదామనుకున్నాను. మేనమామని, ఆ మాత్రం ఆలోచించనా?

నువ్వడిగిన ఉత్తరం నేను రాస్తే నా నెత్తి మీద నేనే బండ వేసుకున్నట్టు. కొట్టు పోతుంది, జైలు కూడా అంటున్నారు శేషయ్యగారు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు.

ఇది చదివి వెంటనే చింపెయ్యి.

రామమోహన్


జాన్సన్‌విల్
27 జూన్ 2019

రామమోహన్ గారికి,

చింపలేదు.

ఫెర్రీ ఎక్కి వచ్చారు, నిజం. మొదటి అద్దె కట్టారు, అదీ నిజం. ఆ రెండిటికీ నేను జన్మంతా మీకు తలవంచి ఉండేదాన్ని, మీరు వాటిని అడ్డం పెట్టుకుని దొంగతనం నా నెత్తిన రుద్దకపోతే. ఉపకారం చేసినవాడు అపకారం చెయ్యడానికి లైసెన్సు తీసుకున్నట్టా?

వర్షిత కోసం పెట్టిన డబ్బు ఏ బ్యాంకులో ఉందో ఒక్క ముక్క రాయండి. పేరు రాయండి చాలు. నాకు వద్దు ఆ డబ్బు, ఉందో లేదో చూడాలి.

నాకు నష్టం లేదన్నారు. చెప్తాను వినండి. మూడు వారాల నుంచి మాకు పైసా రావడం లేదు. ఇంటి ఓనరు మొదటి నోటీసు ఇచ్చాడు. వర్షితకి పదిహేనేళ్ళు, అన్నీ అర్థమవుతున్నాయి. డబ్బు కట్టాల్సిన స్కూలు ట్రిప్‌కి రానని తనంతట తనే చెప్పి వచ్చింది. నాకు ఇంగ్లీషులో చెప్పింది, కడుపు నొప్పి అని. బాగా తిన్న పిల్లకి కడుపు నొప్పేమిటి?

ఇక్కడే ఒక స్కూలు ఆఫీసులో ఉద్యోగం ఉంది. రెండుసార్లు ఇంటర్వ్యూకి పిలిచారు. నేనే నచ్చానన్నారు. పిల్లలుండే చోటు కాబట్టి పోలీసు రికార్డు చూసి తీసుకుంటారు. నా పేరు మీద మోసం కేసు పడితే ఆ ఉద్యోగమే కాదు, ఈ ఊళ్ళో ఇంకే ఉద్యోగమూ రాదు. డబ్బు పోతే సంపాదించుకుంటాను. పేరు పోతే ఎక్కడికి వెళ్ళి తెచ్చుకోను?

ఇంకొక మాట రాయకూడదనుకున్నాను. మూడు రోజులు ఆగాను. ఇక ఆగలేను. మార్చిలో భృతికి దరఖాస్తు పెట్టుకోవడానికి సిగ్గుపడుతుంటే మీరు వచ్చారు. "నువ్వు కట్టిన పన్నే కదా, సిగ్గెందుకు" అని ధైర్యం చెప్పారు. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫారం మీరే ఒక్కో ప్రశ్నా చదివారు. వేరే ఆదాయం ఉందా అన్న ప్రశ్న కూడా మీరే చదివారు. "లేదు అని గీత పెట్టు" అన్నారు. ప్రతి గురువారం నా పేరున జీతం రాసుకుంటున్న మనిషి, నా కళ్ళలోకి చూస్తూ చెప్పాడు ఆ మాట. టీ పెట్టిచ్చాను మీకు. రెండోసారి అడిగితే మళ్ళీ పెట్టాను.

అప్పుడు మీకు ఏమనిపించింది? మరిచిపోయారా? గుర్తుండే చెప్పారా? రెండిట్లో ఏది చెప్పినా నేను క్షమించలేను గానీ, తెలుసుకోవాలని ఉంది.

తారాబాయి ఆంటీ ఏదైనా రుజువు ఉందా అని అడిగింది. ఉంది, ఇంట్లో ఉంది అన్నాను. తీసుకురాలేదు. మీరే రాస్తారని ఇంకా ఎదురు చూస్తున్నాను కాబట్టి తీసుకురాలేదు. తొమ్మిదో తారీఖు పన్నెండు రోజుల్లో ఉంది.

అనంతలక్ష్మి


రిక్కార్టన్
3 జూలై 2019

అమ్మడూ,

వారం రోజుల నుంచి నిద్ర లేదు. వదినతో మాటల్లేవు. నీ ఉత్తరం తను చూసింది.

వర్షిత పేరు మీద డబ్బేమీ లేదు. పెడదామనే అనుకున్నాను, ఒట్టు. మొదటి ఏడాది ఫ్రీజర్లకి పోయింది. తర్వాత అద్దె పెంచారు. తర్వాత అలవాటైపోయింది. వంటింటి బల్ల దగ్గర సంగతి అడిగావు. గుర్తుంది. చెప్తే నువ్వు నన్ను చూసే చూపు మారిపోతుందని చెప్పలేదు. ఏమీ కాదులే అనుకున్నాను. ఆ రూలు సంగతి శేషయ్యగారు చెప్పారు కూడా, మన చిన్న కొట్టు జోలికి ఎవరొస్తారులే అనుకున్నాను.

ఇప్పుడు నేను చెప్పేది శాంతంగా విను. పొరపాటు నీదేనని రాసెయ్యి. తీసుకున్న భృతి తిరిగి కట్టేస్తానని రాయి. ఆ డబ్బు నేనిస్తాను. నువ్వు బెనిఫిట్ మానెయ్యి. నీ అద్దె, వర్షిత స్కూలు, ఇంటి ఖర్చు, ఉద్యోగం వచ్చేదాకా ప్రతి వారం నోట్ల కట్ట కవర్లో పెట్టి పంపుతాను. ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు. నిజంగా చూసుకుంటాను.

ఒకసారి ఆలోచించు. నాకు కొట్టుంది, దాన్నే నమ్ముకుని నలుగురం బతుకుతున్నాం. ఇప్పుడు నీకు ఉద్యోగం లేదు, కొట్టు లేదు. నీకు పోయేదేముంది?

నా ఉత్తరాలు చింపలేదన్నావు. వాటిని కవర్లో పెట్టి నాకు తిరిగి పంపించు. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను.

నీ అన్నయ్య


జాన్సన్‌విల్
10 జూలై 2019

అన్నయ్యా,

గారు అని రాయడం నాకు చేతకావడం లేదు. కోపం తగ్గి కాదు.

నీకు పోయేదేముంది అన్న మాట దగ్గర నీ ఉత్తరం మడిచేశాను. ఇన్నాళ్ళూ నువ్వు తెలియక చేశావేమో, భయపడి చేశావేమో అని ఏదో ఒకటి వెతుక్కుంటూ వచ్చాను. ఆ ఒక్క మాటతో నాకు వెతుకులాట తప్పింది. నాకు ఉన్నదల్లా నా పేరు. ఏడేళ్ళు నువ్వు వాడుకున్నది దాన్నే. ఇక వాడుకోవడానికి పనికిరాకుండా పోతుంటే, పోయేదేముంది అంటున్నావు. నీ నోట్ల కట్ట నాకొద్దు. దొంగగా ఒప్పుకుంటే పోషిస్తానన్నావు. నిర్దోషిగా ఉంటే ఎందుకు పోషించనంటున్నావో అడుగుదామనుకున్నాను. అడగను.

అయినా మనసు మార్చుకుని నేనడిగిన ఉత్తరం రాసి పంపుతావేమోనని సోమవారం దాకా చూశాను. తపాలా వచ్చే వేళకి గేటు దగ్గరే నిలబడ్డాను. కరెంటు బిల్లు వచ్చింది.

నిన్న బెనిఫిట్ ఆఫీసుకి వెళ్ళాను. తారాబాయి ఆంటీ తోడొచ్చింది. వర్షిత తనూ వస్తానంది, వద్దన్నాను. తన మేనమామ గురించి అలాంటి గదిలో వినడం నాకిష్టం లేదు. మా కేసు చూసే ఆవిడ చిన్నపిల్ల, మర్యాదగానే మాట్లాడింది. మీ పేరున జీతం నమోదైంది, మీరు పనిచెయ్యలేదంటున్నారు, ఎలా నమ్మాలి అని అడిగింది. బ్యాగులోంచి జూన్ ఇరవై ఒకటి నాటి నీ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను.

ఆ కాగితం అటు జరపడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్తే నవ్వుతావు. ఆవిడ చెయ్యి చాపింది, నేను వదలలేదు. ఆంటీ నా మోచెయ్యి మీద చెయ్యి వేసి, "నువ్వు దొంగతనం చెయ్యలే. ఇయ్యి బిడ్డా" అంది. అప్పుడు వదిలాను.

తెలుగు తెలిసిన అనువాదకుణ్ణి వాళ్ళే ఫోన్లో పిలిచారు. ఆంటీ పైకి చదువుతుంటే అతను ఒక్కో వాక్యమూ ఇంగ్లీషులో చెప్పాడు. ఒక్క డాలరు ముట్టలేదు అన్న చోట ఆవిడ రాసుకుంది. ఫెర్రీ ఎక్కి వచ్చింది ఎవరు అన్నచోట రాసుకోలేదు. అది కూడా రాసుకోండి అన్నాను నేను. ఇతను చెడ్డవాడని మాత్రమే రాసుకుంటే అది కూడా అబద్ధమే అవుతుంది అన్నాను. రాసుకుంది.

నా మీద కేసు పెట్టరు. భృతి వచ్చే వారం నుంచి మళ్ళీ ఇస్తారు, ఆపిన వారాలవి కూడా ఇస్తారట. నీ సంగతి పన్నుల ఆఫీసుకి వెళ్తుంది. ఏం చేస్తారో ఆవిడకి తెలియదంది. నువ్వే ముందు వెళ్ళి చెప్పుకుంటే శిక్ష తగ్గుతుందని ఆంటీ అంటోంది. వాళ్ళు నీ తలుపు కొట్టేలోపల వెళ్ళు. నీ కొట్టు పోవాలని నేను కోరుకోవడం లేదు. వదిననీ పిల్లల్నీ తలుచుకుంటే నాకు గుండె తరుక్కుపోతుంది. అయినా చేశాను. మళ్ళీ చెయ్యమన్నా చేస్తాను.

చివర్లో ఆ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. రూలు ప్రకారం అడగాలట. ఈ చేతిరాత మీ అన్నయ్యదేనని మీకు ఖచ్చితంగా ఎలా తెలుసు, ఎక్కడైనా పోల్చి చూశారా అని.

నాకు అయిదేళ్ళప్పుడు నా వేళ్ళ మీద నీ వేళ్ళు పెట్టి, ఇసకలో అక్షరాలు దిద్దించింది నువ్వు. నా "అ"కి కూడా నీ "అ" వంకరే వచ్చింది. ఆ పిల్లకి అదంతా ఏం చెప్పను? కన్నీళ్ళు ఆగలేదు. బల్ల మీద టిష్యూ పెట్టె నా వైపు జరిపింది.

ఇది మా అన్నయ్య చేతిరాతే, నాకు తెలుసు అని చెప్పి, వాళ్ళిచ్చిన కాగితం మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివి సంతకం పెట్టాను.

అనంతలక్ష్మి